సగం దిగిన ఫైలు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోగానే బల్ల కింది యూపీఎస్ కీక్ కీక్‌మని అరవడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు గానీ నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది. ఆ అరుపు వింటే చాలు, కడప ఆఫీసూ, షంషాద్ మేడమూ కళ్లముందుకొస్తారు. రెండువేల ఏడో, ఎనిమిదో. కడప, కర్నూలు జిల్లాల్లో పదకొండు ఊళ్లలో కంప్యూటర్ శిక్షణా కేంద్రాలు నడిపే చిన్న సంస్థ మాది. కంప్యూటర్ల బాధ్యతంతా మేడమ్‌ది. ఆమె దగ్గర నాది మొదటి ఉద్యోగం. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ.

మా విద్యార్థులకు పరీక్ష కంప్యూటర్ మీదే జరిగేది. ముందురోజే పరీక్ష ఫైలును సీడీల్లోకి ఎక్కించుకుని బస్సులు పట్టుకుని ఊరూరా తిరిగేవాణ్ణి. మే నెల ఎండలో బద్వేలు బస్సు కిటికీ పక్కన కూర్చుని, సీడీ వంగిపోతుందేమోనని చొక్కా లోపల దాచుకునేవాణ్ణి! ఒకరోజు మేడమ్ నన్ను పిలిచి తెర చూపించారు. "ఇంక నీ బస్సు తిరుగుడు చాలప్పా. ఏ కంప్యూటర్లో ఏం ఉండాల్నో ఈడ రాసిపెడితే చాలు. అవే అరగంటకోసారి మనల్ని అడిగి, లేనిది దించుకుంటాయి" అన్నారు. అబ్బ, ఆ మాటకు నాకు పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. వారం రోజులు అన్నం తింటున్నా అదే ధ్యాస. ఆ నియమాలు రాసే పని నాకే ఇచ్చారు. యజమాని మాత్రం నమ్మలేదు. "సోమవారం పరీక్షకు ఎవురూ బస్సెక్కరు సార్. ఫైలు చేరకపోతే నన్ను ఉద్యోగంలోంచి తీసేయండి" అని మేడమ్ ఆయనకు మాటిచ్చేశారు.

ఆదివారం సాయంత్రానికి తెర మీద పదకొండు ఊళ్ల పేర్ల పక్కనా "ఉంది" అని వచ్చింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. సోమవారం పొద్దున ఏడున్నరకు వేంపల్లె కేంద్రం చూసే సుబ్బన్న ఫోన్ చేశాడు. "ఏమప్పా రమణా, ఫైలైతే ఉండాది గానీ తెరుచుకోల్యా. పదికి పరీక్ష, పిల్లోళ్లు అప్పుడే వస్తాండారు." నా పైప్రాణాలు పైనే పోయాయి. నిన్న కరెంటు పోయిందా అని అడగ్గానే సంగతి తెలిసిపోయింది. ఫైలు సగం దిగాక వేంపల్లెలో కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు అరిచి ఊరుకుంది. కరెంటొచ్చాక కంప్యూటర్ మళ్లీ లేచి, నేను రాసిన ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంది: ఆ పేరుతో ఫైలు ఉందా? ఉంది. సగమే ఉందని దానికేం తెలుసు! మా సీమలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో పుట్టినప్పట్నుంచీ చూస్తూ కూడా ఆ ఆలోచనే రాలేదు నాకు.

సీడీ పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తాను.

"యాడికి పోతాండావు, పెండ్లికా?" అన్నారు మేడమ్, అప్పుడే లోపలికొస్తూ. రొప్పుతూ సంగతంతా చెప్పాను.

"నువ్వు బస్సెక్కితే వేంపల్లె ఒక్కటే బాగుపడ్తాది. మిగతా పదూర్లలో సగం ఫైలు యాడుండాదో నీకు తెలుసునా? కూర్చో. మా నాయన శెనక్కాయల యాపారం చేస్తాండె. బండితో పాటు తూకం చీటీ పంపిస్తాండె. మూటలు వచ్చినాయా అని ఎప్పుడూ అడగల్యా, తూకం సరిపోయిందా అనే అడిగేది. నువ్వు కూడా తూకం అడుగు."

ఫైలుకూ తూకం ఉంటుంది. అందులోని ప్రతి అక్షరాన్నీ కలిపి లెక్కగట్టి తీసే పొడవాటి సంఖ్య అది. ఒక్క అక్షరం తగ్గినా మారిపోతుంది. ఒక్క వరస రాశాను: తూకం కలవకపోతే పాతది పారేసి మళ్లీ దించుకో. అరగంట ఆగకుండా వెంటనే అడగమని అన్ని కంప్యూటర్లకూ కబురు పెట్టాం. తూకం కలవక తెర మీద వేంపల్లె పేరు ఎర్రబడింది. ఆ వెంటనే బద్వేలు కూడా! అక్కడ ఇంకా ఎవరూ ఫైలు తెరిచి చూడనే లేదు. నేను వేంపల్లె బస్సులో ఉండగా బద్వేలు మునిగిపోయేదన్నమాట. ఇద్దరం తెరకు అతుక్కుపోయాం. కరెంటు పోకూడదని నేను వెంకన్నకు మొక్కుకుంటున్నాను, మేడమ్ పెదవులూ కదులుతున్నాయి. తొమ్మిదింబావుకు తూకం కలిసి వేంపల్లె పచ్చబడింది. తొమ్మిదీ నలభైకి బద్వేలు. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.

పరీక్ష మొదలయ్యాక యజమాని వచ్చాడు. సుబ్బన్న ఆయనకూ ఫోన్ చేశాడట. "ఆ తప్పు లైను ఎవురు రాసింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మేడమ్ అన్నారు, "నేను చూసి సరే అన్నాకనే పోయింది సార్. తప్పు నాదే." ఆయన పావుగంట తిట్టాడు. ఆమె నిలబడి విన్నారు. ఆయన వెళ్లాక ఆఫీసు రిజిస్టరు తీసి రెండు గడులు నింపారు. తప్పు: షంషాద్. దిద్దినది: రమణ. నేను సిగ్గుతో ఏడ్చేశాను. "ఏడుపెందుకప్పా, పోయి టీ చెప్పు" అన్నారు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్లున్నారు. వాళ్లు తప్పు చేసినప్పుడు మొదటి గడిలో నా పేరు, రెండో గడిలో వాళ్ల పేరు రాస్తాను. రాసిన ప్రతిసారీ లోపల చురుక్కుమంటుంది, అబద్ధమెందుకు. ఆ రోజు ఆమెకూ అలాగే చురుక్కుమని ఉంటుంది. నాకు తెలియనివ్వలేదు, అంతే.