గని మింగిన తోవ

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ముందు మరాఠీ, తర్వాత కోడలి దగ్గర తెలుగు. పోయిన ఎండాకాలం బొగ్గుగనుల ఊరు సాస్తిలో బస్సు కోసం నిలబడి ఉంటే, నెత్తిన కుండలాంటి కెమెరా ఉన్న జీపు ఆగింది. అందులో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు. పల్లె రోడ్లన్నీ ఫోటోలు తీసి ఆన్‌లైన్ మ్యాపులో పెడుతున్నారట, ఉచిత సేవట. రాజురాలో దింపుతామంటే ఎక్కాను.

రోడ్డు రెండుగా చీలే చోట జీపు ఎడమకు తిరిగింది.

“అటు పోకుర్రి బిడ్డా, ఆ తోవను గని మింగింది,” అన్నాను.

“మ్యాప్‌ల ఉన్నది అమ్మమ్మా,” అన్నాడు నడిపేవాడు.

పొదల్లోకి ఒరిగిన మరాఠీ బోర్డును గట్టిగా చదివాను. ముందు గని ఉంది, రోడ్డు బంద్ అని రాసి ఉంది.

“నీకు సదువు గూడ వస్తదా!” అని ఇద్దరూ నవ్వారు. బోర్డు వైపు మాత్రం చూడలేదు. రోడ్లు చూపించే సేవకు బయల్దేరి రోడ్డే చూడనివాళ్లను అప్పుడే చూశాను.

మట్టికుప్ప దాటగానే ముందర నేల లేదు. నేను కేక వేశాను, వాడు బ్రేకు తొక్కాడు. అంచు మూరెడు దూరంలో ఉంది. కింద డంపర్లు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. జీపు దిగాను.

పక్కవాడు మొదట అడిగిన మాట, “కెమెరా నడుస్తుందారా?”

“మీ కండ్లు నడుస్తున్నయా, అది చూస్కోర్రి ముందు!” అని చేతులు తిప్పుతూ తిట్టాను.

నెల తర్వాత మనవరాలు ఫోన్‌లో ఆ ఫోటో చూపించింది. గని అంచున చేతులెత్తి నేనే ఉన్నాను. మనిషిని ఎవరూ గుర్తుపట్టకూడదట, అందుకని నా మొహాన్ని మసక చేశారు. మ్యాపులో రోడ్డు గీత మాత్రం గని మీదుగా రాజురా దాకా అలాగే ఉంది. నా మొహం చెరపడం తెలిసినవాళ్లకు, లేని రోడ్డును చెరపాలని తెలియలేదు.