జయరావు మాస్టారి చుక్క

ప్రత్తిపాడులో సైన్సు చెప్పే జయరావు మాస్టారికి ఒకటే జబ్బు. కంటబడిన ప్రతిదాని మీదా ఒక చుక్క వేసి చూడాలి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కంటిమందు సీసా ఉండేది. అందులో ఉన్నది కంటిమందు కాదు, ఫెర్రిక్ క్లోరైడ్. ఇనుము కరిగిన పసుపుపచ్చ నీళ్ళన్నమాట.

ఎవరింటికి వెళ్ళినా, ఇచ్చిన టీలో ముందు చుక్క పడేది. టీ కాస్తా సిరాలా నల్లబడేది.

"చూశారా! టీలో ఫినాల్ జాతి పదార్థాలున్నాయి. ఇనుము వాటిని చూసిందంటే వదలదు, కరుచుకుపోతుంది. దానికే ఈ రంగు!"

"మరి తాగేదెట్లాగండీ?"

"ఇది పారబోసి ఇంకో గ్లాసు ఇవ్వండి."

పక్కనే కూర్చున్న ఆయన భార్య దేవకుమారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మందుల షాపులో ఆస్పిరిన్ మాత్ర మీద చుక్క వేశారొకసారి. ఊదారంగు వచ్చింది. "మాబూ, ఇది పాతబడి చెడిపోయిందయ్యా, అమ్మకు!" అని షాపు నిండా జనం ఉండగా గట్టిగా చెప్పారు. మాబు ఆ డబ్బా అయితే పారేశాడు గానీ, దేవకుమారి మళ్ళీ ఆ వీధిన నడవలేదు.

మిర్చి రైతు యలమందయ్య నెరిసిన మీసం సంగతి ఇంకా ఘోరం. "కరక్కాయ నీళ్ళూ ఇనుమూ కలిపి పూర్వం సిరా కాచారు, బట్టలకి నలుపు అద్దారు. నీ మీసం ఎంత?" అన్నారు. మీసం నల్లబడింది, పైపెదవీ నల్లబడింది. గుంటూరు యార్డుకి మిర్చి తోలుకెళ్ళిన యలమందయ్య మూతికి తువ్వాలు కట్టుకుని బేరమాడాడు. అక్కడ ఘాటుకి అందరూ కట్టుకునేవాళ్ళే కాబట్టి పరువు దక్కింది. దేవకుమారికి ఆ అదృష్టం లేదు. యలమందయ్య పెళ్ళాం బసవమ్మ బజార్లో నిలబెట్టి కడిగేసింది.

ఎనభై ఆరులో ఊరి చర్చికి బిషప్పుగారు వస్తున్నారన్నారు. స్త్రీల సమాజం సెక్రటరీ అయిన దేవకుమారి రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల మీదికి తెల్లటి గుడ్డ తీసుకుని, వేసవంతా కూర్చుని అంచులు కుట్టింది. ఆ రోజుల్లోనే చర్చి ఊడ్చే పుల్లమ్మ గంట తాడు తెంపింది. "ఇంకొక్క తప్పు చేశావో, చర్చి వెనకగది ఖాళీ చెయ్యాల్సిందే" అని సంఘపెద్ద ఇమ్మానియేలు అందరి ముందూ ఖాయం చేసేశాడు. ఆ గది తప్ప పుల్లమ్మకి తలదాచుకునే చోటు లేదు.

శనివారం సాయంత్రం దేవకుమారి, ఇమ్మానియేలు, సమాజం ఆడవాళ్ళు కలిసి చర్చిలోకి అడుగుపెట్టారు. బల్ల మీద కొత్త గుడ్డ. గుడ్డ మీద చేటంత నల్లమరక. పక్కన ఒక చేత్తో టీ గ్లాసూ, ఇంకో చేత్తో ఖాళీ సీసా పట్టుకుని మాస్టారు. చీపురు పట్టుకుని ఓ మూల పుల్లమ్మ కొయ్యబారిపోయి ఉంది.

"ఏంటిది మాస్టారూ?" ఇమ్మానియేలు కేక పెట్టాడు.

"నూలుగుడ్డ మీద టీ పడితే నలుపు ఎట్లా పడుతుందో చూద్దామని. భలే పట్టిందండీ!"

"మీరసలు మనిషేనా? మీ పక్కన నడవాలంటేనే నాకు సిగ్గుగా ఉంది!" అని అందరిలో అనేసింది దేవకుమారి.

ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించలేదావిడ. కాసేపటికి గుడ్డ పట్టుకుని పెరటిదారిన పుల్లమ్మ వచ్చింది.

"మాస్టార్ని ఏవీ అనమాకండమ్మగారూ. టీ ఒలకబోసింది నేను. మీ అడుగుల చప్పుడు వినపడేసరికి గ్లాసు లాక్కుని, సీసా అంతా మరక మీద పిండేశారు. 'గోధుమరంగు మరకైతే నీది పుల్లమ్మా, నల్లమరకైతే నాదే. ఊరంతా నమ్ముతుంది' అన్నారు."

దేవకుమారి వసారాలోకి వెళ్ళింది. మాస్టారు నిమ్మకాయలు కోస్తున్నారు.

"దీని పులుపుకి ఇనుము పట్టు వదులుతుంది. చాలావరకు పోతుంది" అన్నారు తలెత్తకుండా.

"నాకొక్క ముక్క చెప్పకూడదూ?"

"చెప్తే నీకంత కోపం వచ్చేదా? నువ్వు తిట్టబట్టే ఇమ్మానియేలు నమ్మాడు."

నలుగురిలో అన్న మాట గుర్తొచ్చి దేవకుమారికి కళ్ళెత్తి ఆయన్ని చూడటానికి ముఖం చెల్లలేదు. ఇద్దరూ కలిసి మరక రుద్దారు. మిగిలిన లేత నీడ మీద ఆవిడ ద్రాక్షగుత్తి కుట్టింది.

మర్నాడు ఆరాధన అయ్యాక బిషప్పుగారు ఆ ద్రాక్షగుత్తిని మెచ్చుకున్నారు. ఆయన కారెక్కగానే ఇమ్మానియేలు దేవకుమారి దగ్గరికొచ్చాడు.

"మాస్టార్ని కాస్త అదుపులో పెట్టుకోండమ్మా."

"నిజమేనండీ" అంది దేవకుమారి. "నిన్న జరిగినదానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను."

ఇమ్మానియేలుకి జాలేసింది. "పోన్లెండమ్మా, ఇందులో మీ తప్పేముంది?" అని ఓదార్చాడు.

బెంచీలు సర్దుతున్న పుల్లమ్మ నవ్వు ఆగక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గబగబా బయటికి వెళ్ళిపోయింది.