ఆ సినిమాలో తల్లి

ఎనభైల్లో మాట. కొత్తగూడెం బస్టాండులో భద్రాచలం బస్సు కోసం మధ్యాహ్నమంతా కూర్చుని నడుము పడిపోయింది. నా పక్కన నలభై ఏళ్ల ఆమె ఒకతె చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటోంది. ఖమ్మంలో సినిమా చూసి వస్తున్నానంది. పేరు చెబితే గుర్తుపట్టాను. రాతియుగం మనుషుల గురించిన ఒక నవలను సినిమాగా తీశారు. నవల నేను చదివాను.

“పర్ణశాల అవతల మా అడవిలనే తీసిండ్రక్కా. నాకు గూడ వేషమిచ్చిండ్రు. బిడ్డ సచ్చిపోయిన తల్లి వేషం.”

ఆ ఘట్టం చదివి నేనూ ఏడ్చానని చెప్పాను.

“అప్పటి మనుషులకు ఇంకా మాటలు రావంట. ఉత్తగ ఏడువుమన్నరు. నాకు గట్ల రాలే. అంతకుముందేడే జరమొచ్చి నా బిడ్డ పోయింది. దాని పేరు పెట్టి పిలుసుకుంటనే ఏడ్సిన. మంచిగ జేసినవన్నరు. ఆ పిలుపు ఇందామనే ఇంత దూరం పోయిన.”

“వినపడిందా?”

“లేదక్కా. నోరు నాదే కదులుతాంది. నా గొంతు తీసేసి ఇంకెవరిదో ఊళ పెట్టిండ్రు.”

ఆమె మాటలో కోపం లేదు, అలసట ఉంది. కథ ప్రకారం చూస్తే వాళ్లు చేసిందాంట్లో తప్పు లేదు. ఆ సంగతి ఆమెతో అనలేకపోయాను.

“పాప పేరేంటి?” అని అడిగాను.

“నాగమణి,” అంది. అప్పుడే బస్సు వచ్చి జనం లేచి తోసుకుంటున్నారు. నాకు వినపడలేదనుకుందేమో, ఇంకోసారి గట్టిగా చెప్పింది.