ఆ తొమ్మిది కడ్డీలు

చాలా ఏళ్లుగా నా కుడి చేతిలో ఒక సుత్తి బరువు మిగిలిపోయింది. సుత్తి పట్టుకున్నది ఒక్క పూట. దించడం మాత్రం ఇవాళ్టికీ చేతకాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఉద్యోగంలో చేరకముందు కొన్నేళ్లు విశాఖపట్నంలో ఒక దినపత్రికలో పనిచేశాను. ఎవరు ఏం చెప్పినా, అలా చెప్పడంలో వాళ్లకేం లాభమో ముందు చూడమని అక్కడ నేర్పారు. ఆ పాఠాన్ని వెంటబెట్టుకునే ఓడెక్కి అండమాన్ వచ్చాను. రాయి తీయడం ఆపేసిన క్వారీలను పరిశీలించే పని దొరికింది. అనుమానించడానికి జీతం ఇచ్చే ఉద్యోగం నాకు సరిపోతుందనుకున్నాను.

మాయాబందర్ దాటాక ఒక కొండ ఉంది. రోడ్ల కోసం దాన్ని సగం తవ్వేశారు. తవ్వకం ఆగాక ఆ గాయం మీద మట్టి పరిచి, గడ్డి నాటి, వాలుకు అడ్డంగా కాలువలు తీశారు. పెద్ద వాన పడినప్పుడల్లా నేను వెళ్లి మట్టి నిలిచిందా, నీరు కాలువలోనే పోతోందా అని చూడాలి. మట్టి నష్టం కొలవడానికి ఒక మొరటు పద్ధతి ఉంది. వాలులో ఇనుప కడ్డీలు దిగగొట్టి, నేల తగిలే చోట ఎర్ర రంగు గీత పెడతాం. తర్వాత వెళ్లినప్పుడు ఆ గీత నేలకు ఎంత ఎత్తున కనిపిస్తే అంత మట్టి కొట్టుకుపోయినట్టు.

అక్కడ కాపలాదారు నూకరాజు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జాలరి కుటుంబం. వేట మానేసి రోజుకూలీ మజ్దూర్‌గా చేరాడు. పర్మినెంట్ చేసేవాళ్ల జాబితాలో ఆ ఏడు అతని పేరు ఎక్కింది. ఆ సంగతి బస్సులో పక్క సీటువాళ్లకి కూడా చెప్పుకునేవాడు.

ఒక పెద్ద వాన తర్వాత వెళ్లిన ఆ రోజు పై వరసలో తొమ్మిది కడ్డీల గీతలు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉన్నాయి. కింద కాలువలో మాత్రం పిడికెడు మట్టి లేదు. కొట్టుకుపోయిన మట్టి కాలువలో కనిపించాలి కదా? ఇనుము కోసం ఇతనే కడ్డీలు పైకి లాగుతున్నాడని నాకు అక్కడే అనుమానం వచ్చింది.

“రాడ్లు ఎవరు పైకి లాగారు నూకరాజూ?”

“నానేల లాగుతాను సార్? మట్టి దిగిపోనాది.”

“దిగిన మట్టి ఏది? కాలువ కడిగినట్టుందే.”

“మీరొస్తారని పొద్దున్నే నానే ఎత్తేసినాను. గుడిసె ఎనకాల అరటి మొక్కలకి ఏసినాను. రండి, సూపిస్తాను.”

“మరి నీ గుడిసె ముందు వల ఆరేసే ఆ రాడ్లు ఎక్కడివి? అవీ ఇక్కడివేనా?”

అతను నవ్వాడు. “అవి మా పాత పడవవి. ఏటి సార్ మీరు, సముద్రం దిగిపోతే పడవలు కట్టే జెట్టీ కాళ్లు పొడుగైపోనాయని ఎవులైనా అంటారేటి?”

జీపుకు ఆనుకుని నిలబడ్డ డ్రైవర్ పగలబడి నవ్వాడు. “సహీ బోలా భయ్యా, బాగా చెప్పావు!”

ఆ నవ్వు లేకపోతే నేను ఇరవై అడుగులు నడిచి ఆ అరటి మొక్కలు చూసేవాణ్ణేమో. ఏమో. ఇలా అనుకోవడం కూడా తప్పులో కొంత వాటా డ్రైవర్ మీదికి నెట్టడమే కదా?

జీపులోంచి సుత్తి తెమ్మన్నాను. పైకి లాగిన కడ్డీకి కింద దాని పాత రంధ్రం ఉంటుంది. రెండు దెబ్బలకు జారిపోవాలి. మొదటి కడ్డీ జారలేదు. కొట్టగా కొట్టగా గీతదాకా దిగింది. రాయి అడ్డం వచ్చి ఉంటుందనుకున్నాను. రెండోదాని మీద సుత్తి పడగానే భుజం దాకా అదిరింది. అప్పుడు తెలిసింది. ఆ ఇనుము అంతకుముందు ఎన్నడూ వెళ్లని నేలలోకి వెళుతోంది. వాటిని ఎవరూ లాగలేదు. నేలే దిగింది.

ఆగాలి. కానీ డ్రైవర్ చూస్తున్నాడు. నూకరాజు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని తప్పు ఒప్పుకోవడంగా లెక్కవేసుకుని, తొమ్మిది గీతలూ నేలను తాకేదాకా కొట్టాను. ఆ తర్వాత అక్కడ ఎవరు కొలిచినా పోయిన మట్టి కనిపించదు. ‘కాపలాదారు కడ్డీలను కదిపాడు, మట్టి నష్టం లేదు’ అని నోట్ రాశాను. దిగి వస్తూంటే గుడిసె వెనక అరటి మొక్కల మొదళ్లలో తడి ఎర్రమట్టి గుట్టగా కనిపించింది. తల తిప్పుకున్నాను.

అతని పేరు జాబితాలోంచి పోయింది. కొన్నాళ్లకు పని కూడా పోయింది. ఆ వానల్లోనే పై వాలు జారి కాలువలను పూడ్చేసింది. అప్పటికే ఖాళీ అయిన గుడిసెలో మోకాలి లోతు బురద నిలిచింది. ముందే ఎందుకు కనిపెట్టలేదని విచారణలో నన్ను అడిగారు. కడ్డీలు కదిపేశారు కదా అన్నాను. నా నోటే నాకు సాక్షి అయింది. దాంతో ఆ నేరమూ అతని మీదే పడింది.

చాలా కాలం తర్వాత మాయాబందర్ జెట్టీ మీద చేపల బుట్టలు దించుతూ కనిపించాడు. “బాగున్నారా సార్?” అన్నాడు. ఆ పలకరింపులో విషం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. దొరకకపోయేసరికి ఇంకా భయం వేసింది. ఏం కావాలి ఇతనికి? దేనికోసం కాచుకున్నాడు? సముద్రం దిగి ఉంది. జెట్టీ కాళ్లు ఆల్చిప్పలతో సహా బయటపడి ఉన్నాయి. అతను వాటి వైపు చూడలేదు. నేను చూశాను. బాగున్నానని చెప్పి ఓడెక్కాను.

ఇప్పుడు రిటైరై ఇక్కడే అండమాన్‌లో, ప్రోతరాపూర్‌లో ఉంటున్నాను. ఇది తెలుగులో రాస్తున్నాను. ఆఫీసుకు రాయాలంటే హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి. ఇంతవరకూ రాయలేదు. నూకరాజుకు చదువు రాదు. అతని కూతురు తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, చదవగలిగేది హిందీయే. మరి నేను ఈ భాషను ఎంచుకున్నది నా మాతృభాష కాబట్టా, వాళ్లకు అందదు కాబట్టా? పత్రికలో నేర్చుకున్న ప్రశ్న ఇన్నాళ్లకు నా మీదికే తిరిగింది. ఇలా చెప్పడంలో నీకేం లాభం?

లాభం ఉంది. రాస్తున్నకొద్దీ చెయ్యి కాస్త తేలికవుతోంది. ఈ తేలిక నాకు దక్కాల్సింది కాదని తెలుసు. అయినా చెబుతున్నాను. నూకరాజు ఏ కడ్డీనీ ముట్టుకోలేదు. మొదటిది తెలియక కొట్టాను. మిగిలిన ఎనిమిదీ తెలిసే కొట్టాను.