ఫోనుతో కలిపి తూగిన తుపాకీ

ఆ రోజుల్లో, అంటే మరీ పూర్వం కాదు, ఆరేళ్ల కిందట, నాకు పందొమ్మిదేళ్లప్పుడు, లోకంలో నాకు తెలియనిది ఏదైనా ఉందంటే దాని మీద ఇంకా ఎవరూ వీడియో తీయలేదన్నమాటే. అప్పుడు నెల్లితోపు నుంచి విల్లియనూరు దారిలో ఉన్న చిన్న రైఫిల్ క్లబ్బుకి వెళ్తుండేవాణ్ణి. చెన్నై పోటీలకు క్లబ్బు ఒక్కరినే పంపుతుంది. ఆ ఒక్కడూ నేనేనని యానాంలోని మా అత్తకు ముందే చెప్పేశాను. ఆవిడ కుటుంబం గ్రూపులో పూలదండ బొమ్మలు కూడా పెట్టేసింది.

నాతో పోటీకి ఉన్నది కదిర్కామంలో డాక్టరు చదువుతున్న ఒకావిడ, క్లబ్బులో నేను అక్కా అని పిలిచేవాణ్ణి. సన్నటి మనిషి, పొట్టి చేతులు. క్లబ్బులో మా ఇద్దరికీ మిగిలినవి రెండు ఎయిర్ రైఫిళ్లు. ఒకదానికి పొడుగు బ్యారెల్, ఇంకోదానికి పొట్టిది. మాస్టారు (మిలిటరీలో చేసి వచ్చిన పెద్దాయన, మూడు తరాలుగా ఈ తమిళ ఊళ్లోనే ఉంటున్న తెలుగువాళ్లు) నా ముందు పొడుగుది పెట్టి, "కండ్లు మూసుకో తంబీ. భుజానికి ఆనించు. సరి, ఇప్పుడు తెరువు. మొన యాడుండాది?" అన్నారు. సూటిగా గురి కాగితంలోని నల్ల చుక్క మీదే ఉంది. అక్కకి అలా కుదిరింది పొట్టిది. అంతటితో అయిపోవాల్సిన వ్యవహారం అది.

కానీ నేను బైకుకి పెట్టుకునే ఫోను స్టాండు తెచ్చుకున్నాను. గురి చూస్తూ వీడియో తీయాలి కదా మరి. బ్యారెల్ చివర ఫోను బిగిస్తే పొడుగుది ముక్కు నేలకేసి వంచింది. పొట్టిది మాత్రం వేలి మీద తరాజులా నిలబడింది. ఇంకేం, నాకు పొట్టిదే కావాలన్నాను.

"ఏంది తంబీ, ఫోను తీసి చూడు ఒకతూరి."

"ఫోను ఎందుకు తీస్తాను మాస్టారూ?" అని అరిచాను. (నిజంగానే అర్థంకాక అడిగాను.)

అక్క పొడుగుది చేతిలోకి తీసుకుని, "ఇచ్చేయండి మాస్టారూ, చిన్నపిల్లోడు ఏడుస్తాడు" అంది. ఆ చిన్నపిల్లోడు అన్న మాటకి మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తుపాకీ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

నెల తర్వాత ఎంపిక. గుమ్మం దగ్గర జడ్జి కూరగాయల బుట్ట పట్టుకుని నిలబడి అందరి ఫోన్లూ వేయించుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది. "సార్, అది ఫోను కాదు, నా తుపాకీకి బరువు" అన్నాను. ఆయన బుట్ట ఇంకాస్త ముందుకు చాపి, "బరువైతే దించుకో, తేలిగ్గా ఉంటుంది" అన్నాడు.

తేలిగ్గానే ఉంది. మరీ తేలిగ్గా ఉంది. మొన నా ఊపిరికి కూడా ఊగుతోంది. మొదటి గుండు కాగితం పైనున్న చెక్కకి తగిలింది. రెండోది ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. వెనకనుంచి మాస్టారు నెమ్మదిగా, "తంబీ, ఫోను లేకుంటే నువ్వూ కొంచెం తేలిపోతాండావే" అన్నారు.

అక్క తనకు సరిపడని ఆ పొడుగు తుపాకీతోనే గెలిచింది. ఎలాగని అడిగితే నెల రోజులు రెండు చేతులతో నీళ్ల సీసాలు ఎత్తిందట. "నీతో తగువు కంటే నీళ్ల సీసా తేలిక తమ్ముడూ" అంది.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక పొడుగుది భుజానికి ఆనించి, కళ్లు మూసి తెరిచాను. మొన చుక్క మీదే ఉంది. తర్వాత పొట్టిదానికి స్టాండు గీసిన గీతలన్నీ గుడ్డపెట్టి రుద్ది, మర్నాడు అక్క చేతికిచ్చి, "చెన్నైకి ఇది పట్టుకెళ్లు అక్కా, ఇది నీదే" అన్నాను. క్షమించమని అడగడం నాకప్పటికి రాదు. ఆమె కళ్లు మూసుకుని ఎత్తి చూసుకుంది. నవ్వింది.

ఇప్పుడా పందొమ్మిదేళ్లవాడు ఎదురైతే పక్కకు పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పాలనుంది. కానీ వాడు ఫోనులోంచి తలెత్తకుండా "మీకేం తెలుసు అంకుల్" అనేస్తాడు. అది మాత్రం ఇంకా తట్టుకోలేను.