జూలై ఒకటిన పుట్టిన క్లాసు

డిగ్రీ రెండో ఏడాదిలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పడానికి కొత్త సారు వచ్చారు. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. ఆయనది కృష్ణ ఒడ్డున ఏదో పల్లె. హనుమకొండలోని మా కాలేజీ ఆయనకు మొదటి ఉద్యోగం. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, సుద్దముక్కను వేళ్ల మధ్య సిగరెట్టులా పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పాఠం చెప్పేవారు. మేం "జర ఆగుండ్రి సార్" అంటే ఆగేవారు కానీ, "జర అంటే ఎంత?" అని అడగకుండా ఊరుకునేవారు కాదు. లెక్కల మనిషి కదా, కొలత కావాలి. క్లాసులో మేం నలభై మందికి ఒకరిద్దరు తక్కువ. అందులో ఆడపిల్లలం ఆరుగురం. ముందు బెంచీలు రెండూ మావి.

మొదటి పాఠం సంభావ్యత. ఆ మాటకు మా నోరు తిరిగేసరికే సగం పాఠం అయిపోయింది. పుస్తకంలో ప్రతి లెక్కా ఒక సంచితో మొదలయ్యేది. సంచిలో కొన్ని ఎర్ర బంతులు, కొన్ని తెల్ల బంతులు. చూడకుండా ఒకటి తీస్తే అది ఎర్రదయ్యే సంభావ్యత ఎంత? నాకు కాగితం మీద ఎంతకీ తేలేది కాదు. మా ఇల్లు కొత్తవాడలో. ఇంట్లో జంపఖానాలు నేసేవాళ్లం కాబట్టి రంగు నూలుకు కొదవ లేదు. ఒక సాయంత్రం ఐదు ఎర్ర నూలు ఉండలు, మూడు తెల్లవి గుడ్డ సంచిలో వేసుకుని, కళ్లు మూసుకుని ఒకటి తీయడం, గోడ మీద బొగ్గుతో గీత పెట్టడం, తీసింది మళ్లీ సంచిలో వేయడం మొదలుపెట్టాను.

మగ్గం ముందు కూర్చున్న అమ్మ కాసేపు ఓపిక పట్టింది.

"ఏం జేత్తానవే?"

"లెక్క జేత్తాన్న."

"కండ్లు మూసుకొనా?"

"సూడకుంట తీస్తె ఎర్రది ఎన్నిసార్లొత్తదో తెల్వాలె."

"ఎర్రది గావాల్నంటె సూసి తీస్కోరాదు? గిది నేర్సుకునేతందుకా రోజు బస్సెక్కి హన్మకొండ పోతానవ్?"

నేను కళ్లు తెరిచి సంచిలోకి చూశాను. మర్నాడు సారుకు ఇది చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. "మీ అమ్మగారి పద్ధతిలో సంభావ్యత నిక్కచ్చిగా ఒకటి. అందరూ ఆవిడలా తెలివిగా ఉంటే నా ఉద్యోగం ఊడిపోతుంది" అన్నారు.

పాఠం అలా నడుస్తూ ఉండగా, ఒక శనివారం ఆయన క్లాసులోకి వస్తూనే పందెం కాశారు.

"ఈ గదిలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయి ఉంటుంది. ఏ సంవత్సరమన్నది వదిలేయండి, తారీఖు, నెల కలిస్తే చాలు. కలవకపోతే క్లాసు మొత్తానికి టీ నా ఖర్చు. కలిస్తే మీరంతా కలిసి నాకొక్కడికి ఇప్పించాలి. ఏవంటారు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఏడాదికి మూడు వందల అరవై ఐదు రోజులు, మేం చూస్తే నలభై మందిమి కూడా లేం. చాయ్ మా నోటి దాకా వచ్చినట్టే అనిపించింది. వెనక బెంచీలో ఒక పొడుగాటి అబ్బాయి ఉండేవాడు. నర్సంపేట వైపు పల్లె, అమ్మానాన్నలది వ్యవసాయ కూలి. క్లాసు తరఫున మాట్లాడే పని ఎవరూ అప్పగించకుండానే తీసుకున్నవాడు. వాడు లేచాడు.

"ఒప్పుకున్నం సార్. జేబు జర సూసుకోండ్రి."

సారు నవ్వుతూ బోర్డు వైపు తిరిగారు. ఒక్కొక్కరిని మిగతా అందరితో జత కట్టి చూస్తే ఎన్ని జతలవుతాయో రాశారు. ఇరవై ముగ్గురున్నా అవకాశం సగానికి మించుతుందనీ, మా క్లాసులో అయితే పదింట తొమ్మిది వంతుల దగ్గరికి వెళుతుందనీ లెక్క తేల్చారు. బోర్డు మీద అంతా బాగానే ఉంది, కానీ మాకు నమ్మకం కుదరలేదు.

"సరే, అడిగి చూద్దాం. నువ్వు చెప్పమ్మా" అని నా పక్కనున్న అమ్మాయితో మొదలుపెట్టారు. కాశిబుగ్గ నుంచి వచ్చేది, నా ప్రాణ స్నేహితురాలు.

"జూలై ఒకటి సార్."

సారు రాసుకున్నారు. తర్వాత నేను.

"జూలై ఒకటి సార్."

ఆయన మొహం వెలిగిపోయింది. సుద్దముక్క గాల్లోకి ఎగరేసి పట్టుకున్నారు. "చూశారా! రెండో మనిషి దగ్గరే తేలిపోయింది! సరే, సరదాకి మిగతావాళ్లవీ విందాం. నువ్వు?"

"జూలై ఒకటి సార్."

"నువ్వు?"

"నాది గూడ గదే సార్."

నలుగురు అయ్యేసరికి ఆయన నవ్వు కొంచెం తగ్గింది. మొదటి రెండు బెంచీలు దాటేసరికి పూర్తిగా పోయింది. జూలై ఒకటి ఎదురుగా గీతలు బారులు తీరాయి. మధ్యలో కొన్ని జూన్ ఒకటులు, కొన్ని జూన్ పదిహేనులు. కాజీపేట రైల్వే దవాఖానలో పుట్టిన ఒకే ఒక్క అబ్బాయి మాత్రం నవంబరులో ఏదో తారీఖు చెప్పాడు. క్లాసంతా వాణ్ణి పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

సారు కుర్చీలో కూలబడ్డారు. "ఏవర్రా, మీ జిల్లాలో తల్లులందరూ కూడబలుక్కుని కంటారా?"

పొడుగాటి అబ్బాయి లేచాడు. "మా అమ్మలు కాదు సార్, పెద్దసార్లు. మా అవ్వ నన్ను బడిల ఏయ తోల్కపోయింది. పెద్దసారు ఎప్పుడు పుట్టిండని అడిగిండు. మా అవ్వ, 'ఏమో సారూ, పొలం పనులు మస్తుగున్నయి గప్పుడు' అన్నది. గంతే, సారు జూలై ఒకటని రాసుకున్నడు. నా ఎనక నిలబడ్డ పోరగాండ్లకు అడగకుంటనే రాసిండు."

గది గొల్లుమంది. సారు కూడా నవ్వారు కానీ, లెక్క చెడిపోయిన బాధ ఆయన మొహంలో అలాగే ఉంది. ఏడాదిలో ప్రతి రోజుకూ సమానమైన అవకాశం ఉందనుకుంటేనే తాను బోర్డు మీద రాసింది నిలుస్తుందట. ఇక్కడ ఆ మొదటి మెట్టే విరిగిపోయింది.

"గట్లైతె మీరు గెలిసిండ్రా, ఓడిండ్రా సార్?"

"గెలిచాను. కానీ ఆ గెలుపు నాది కాదు, మీ పెద్దసార్లది. ఈ టీ నేను తాగలేను." ఆయన బోర్డు తుడిచేసి, "ఒక పని చేయండి. సోమవారానికి అందరూ మీ అమ్మల్ని అడిగి అసలు పుట్టినరోజులు తెలుసుకుని రండి. అప్పుడు తేలుద్దాం" అన్నారు.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను. మేనత్త కూడా మా ఇంట్లోనే ఉండేది, పక్కన కూర్చుని నూలు చిక్కు తీస్తోంది.

"నేనెప్పుడు పుట్టిన్నే అమ్మా?"

అమ్మ చేతులు ఆగలేదు. "మేడారం పోయొచ్చినంక. సమ్మక్క గద్దెనెక్కిన బేస్తారం కాదు, దాని మీది బేస్తారం. జాతరల తెచ్చుకున్న బంగారం ఇంక ఇంట్లనే ఉండె." మేడారం బంగారమంటే బెల్లం. నాకు అంత స్పష్టమైన జవాబు వస్తుందని అనుకోలేదు. సంతోషంగా పుస్తకం మూలన రాసుకోబోతుంటే మేనత్త అందుకుంది.

"ఏ జాతర వదినా? మనం ఎడ్లబండి కట్టుకొని పోయిన జాతరనా, బస్సుల పోయిన జాతరనా?"

"బండి కట్టుకొని పోయిందే."

"బండి మీద పోయిననాడు నీ కడుపుల ఉన్నది పెద్దోడు. ఇది బస్సు జాతరప్పటి పిల్ల."

"బస్సుల నాకు వాంతులైనయని నువ్వే అంటవు గద, అది చిన్నోనికి!"

పెద్దోడంటే మా అన్న, చిన్నోడంటే తమ్ముడు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అంటే మేనత్త గెలిస్తే నేను రెండేళ్లు చిన్నదాన్ని, అమ్మ గెలిస్తే పెద్దదాన్ని. వాళ్లిద్దరూ బండికీ బస్సుకీ మధ్య నన్ను అటూ ఇటూ లాగుతుంటే నాన్న లోపలికి వచ్చాడు. విషయం విని, "ఎప్పుడో ఒకప్పుడు పుట్టింది గద, ఇప్పుడేం ఫికర్?" అని చెప్పులు విప్పుకున్నాడు. ఏ ఏడైతేనేం, జాతర తర్వాతి గురువారం అన్న మాట మీద మాత్రం ఇద్దరూ ఒకటయ్యారు. అదే రాసుకున్నాను.

సోమవారం క్లాసు జాతరలాగే ఉంది. ఆ రైల్వే దవాఖాన అబ్బాయికి తప్ప ఎవరికీ తారీఖు లేదు, అందరికీ కథ ఉంది. పొడుగాటి అబ్బాయి పీర్ల పండుగ నాడు పుట్టాడట. ఆ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుందని సారు తల పట్టుకున్నారు. ఒకడు దసరా, ఒకడు కాముని పున్నం, మేడారం జాతర నాతో కలిపి ముగ్గురం, అదీ తలో రోజు. ఇంతలో నా స్నేహితురాలు లేచి, "సద్దుల బతుకమ్మ నాడు సార్, పూలు పేర్చుకుంట పేర్చుకుంట మా అమ్మ నొప్పులు పడ్డదట" అంది. మా రెండో బెంచీ నుంచి ఇంకో అమ్మాయి అరిచినంత పని చేసింది. "నాది గూడ సద్దుల బతుకమ్మనే సార్!"

"అయిపోయింది!" సారు బల్ల మీద చరిచారు. "ఇద్దరు దొరికారు. ఈసారి నిజంగా గెలిచాను."

"ఆగుండ్రి సార్" అన్నాడు పొడుగాటివాడు. "ఇద్దరు ఒక్క ఏడు పుట్టలే. ఒగ ఏడు బతుకమ్మ సెప్టెంబర్ల వడ్తది, ఒగ ఏడు అక్టోబర్ల. మీరు తారీఖు కలవాలె అన్నరు."

తిథి ప్రకారం సారు గెలిచినట్టు, తారీఖు ప్రకారం ఓడినట్టు. వాదన మొదలైంది. ఆడపిల్లలం సారు వైపు, మగపిల్లలు ఆ అబ్బాయి వైపు. ఆ గొడవలోనే ఆయన మేం చెప్పినవన్నీ నెలల వారీగా బోర్డు మీద నిలువు గీతలుగా వేశారు. వేసి, వెనక్కి జరిగి చూశారు. పండుగలున్న చోట గీతలు ఆకాశానికి లేచాయి. పండుగలు లేని చోట బోర్డు నున్నగా ఉంది.

"మీ అమ్మలు కూడా పెద్దసార్ల లాంటి వాళ్లే" అన్నారు చివరికి. "ఆయన అందర్నీ జూలై ఒకటికి చేరిస్తే, వీళ్లు దగ్గర్లో ఉన్న పండక్కి చేర్చారు."

"ఉత్త దినం పుట్టిన పిల్లను ఎవలు యాదికుంచుకుంటరు సార్?" అంది నా స్నేహితురాలు.

ఆమె ఆ మాట మామూలుగానే అంది, జవాబు తెలిసిన లెక్క చెప్పినట్టు. సారు తల ఊపారు. ఎక్కడి నుంచి వచ్చిన అంకెలో, ఎవరు ఏం గుర్తుపెట్టుకుని చెప్పారో చూడకుండా లెక్క మొదలుపెట్టొద్దని ఆ రోజు ఆయన చెప్పింది ఏ పుస్తకంలోనూ లేదు.

పందెం మాత్రం తేలలేదు. గంట కొట్టాక అందరం క్యాంటీన్‌కు నడిచాం. బొమ్మా బొరుసా వేసి తేల్చుకుందామని సారే అన్నారు. ఆయన బొమ్మ కోరుకున్నారు. క్యాంటీన్ నడిపే ముసలాయన తడి చేతులు తుడుచుకుని నాణెం ఎగరేశాడు. బొరుసు పడింది.

"ఒక్కసారికి చాలదయ్యా" అన్నారు సారు వెంటనే. "నమూనా మరీ చిన్నది. మూడుసార్లు వేద్దాం."

"పరీక్ష గూడ మూడుసార్లు రాయనిత్తరా సార్?" అన్నాడు పొడుగాటివాడు. ఆ మాటతో ఆయన చేతులెత్తేశారు. అందరికీ చాయ్ చెప్పారు. గ్లాసులు చాలక సగం మందిమి వంతుల వారీగా తాగాం. ఎంత సేపు నిలబడ్డా నా వంతు రాకపోతే పొడుగాటివాడే తన గ్లాసు కడిగించి తెచ్చిచ్చాడు.

అప్పుడు నా స్నేహితురాలు అడిగింది. "సార్, మరి మీరెప్పుడు పుట్టిండ్రు?"

ఆయన చాయ్ ఊదుకుంటూ, "సర్టిఫికెట్లో ఉన్నదా, అమ్మ చెప్పిందా?" అన్నారు.

"అమ్మ చెప్పిందే సార్."

"మా ఊరికి పెద్ద తుఫాను వచ్చిన రోజట. ఇంటి కప్పు లేచిపోయిందంటుంది అమ్మ. నాన్నేమో అది తుఫాను కాదు, వట్టి వాన, ఎగిరింది కప్పు కాదు, నాలుగు తాటాకులు అంటాడు. నేను పెళ్లికెదిగినా వాళ్లకింకా తెగలేదు."

ఆ రోజు ఆయన మాతో పాటు గేటు దాకా నడిచి వచ్చారు. బస్సు కోసం నిలబడ్డప్పుడు మా అమ్మ, మేనత్తల బండి, బస్సుల తగాదా చెప్పాను. ఆయన ఆ రెండు జాతరల్లో ఎవరి మాట నిజమయ్యే అవకాశం ఎంతో ఎలా కట్టాలో నిలబడ్డ చోటే చెప్పడం మొదలుపెట్టారు. సగంలో బస్సు వచ్చింది.