చింతగింజల మైళ్ళు

మొన్న ఫోన్లో చెప్పినావే తల్లీ, ఈ సంవత్సరం ఇన్ని కిలోమీటర్లు సైకిలు తొక్కాలని స్నేహితులందరూ పట్టుబట్టినారని, శని ఆదివారాలు తెల్లారీ తెల్లారకముందే పోతుండారని. మీ తమ్ముడు పక్కనుంచి నవ్వినాడు, అవ్వకు ఇవన్నీ ఏం తెలుస్తాయని. ఫోను పెట్టేసినాక కూర్చోని నాలో నేనే నవ్వుకున్నా. నేనూ తొక్కినా నాయనా. ఒక ఉగాది నుంచి ఇంకో ఉగాదికి వెయ్యి మైళ్ళు. ఇద్దురూ రొవంత ఫోను చెవి కాడ పెట్టుకోండి, గట్టిగా మాట్లాడేదానికి నాకు చేతగాదు.

అరవైల మొదట్లో సంగతి. నెల్లూర్లో ఉండేవాళ్ళం. నాకు టీచరు ట్రైనింగు అయిపోయింది. ఇందుకూరుపేట అవతల ఒక పల్లె స్కూల్లో, మరుసటేడు వేసవి సెలవులయినాక చేరేదానికి చోటుందన్నారు. మా ఇంటికి ఎనిమిది మైళ్ళు. బస్సుంది గానీ అది స్కూలు గంట చూసుకోని రాదు గదా. మా పెద్దన్న పాత సైకిలు వసారాలో పడుంది, దాంట్లో పోతానన్నా.

మా నాయన బియ్యం మిల్లులో కాటా కాడ పనిచేసేవాడు, మూటలు తూచే పని. తూకం అటూ ఇటూ అయితే ఆ పూట అన్నం సయించని మనిషి. సైకిలనంగానే కోప్పడతాడనుకున్నా. కోప్పడలా. ఒకరోజు తొక్కేదానికి ఎవురైనా తొక్కతారన్నాడు. "సంవత్సరం తొక్కి చూపించు. వెయ్యి మైళ్ళు. మధ్యలో ఎవురూ బండి కట్టుకోని నిన్ను వెతుక్కుంటా రాకూడదు. అప్పుడు పోదువులే ఉద్యోగానికి." వెయ్యి అంటే బెదిరిపోయి ఊరుకుంటాననుకున్నాడేమో. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలా, సంబరంతో.

నాతో ట్రైనింగు చదివిన ఇద్దరు నాకు తోడొచ్చినారు. ఒకామె సైకిలు షాపు సాయిబుగారి కూతురు. మా అన్న సైకిలుకు అడ్డకమ్మి ఉంటే, చీర కట్టుకోని ఎట్టా ఎక్కుతుందని సాయిబుగారే కమ్మి లేని పాత ఫ్రేము ఒకటి ఎక్కించి ఇచ్చినాడు. ఇంకొకామె మైపాడు అమ్మాయి. వాళ్ళ అన్నదమ్ములు సముద్రంలో వేటకు పోతారు, ఆమె నెల్లూర్లో మేనత్త ఇంట్లో ఉండేది. నోరు తెరిస్తే ఎగతాళే.

మైళ్ళు లెక్కపెట్టేది ఎట్టాగంటే, రోడ్డు పక్కన మైలురాళ్ళు ఉంటాయి గదా, అవే. నేను కొంగుకు రెండు మూటలు కట్టుకునేదాన్ని. ఒక మూటలో చింతగింజలు, రెండోది ఖాళీ. ఒక్కో రాయి దాటంగానే ఒక గింజ ఈ మూటలోంచి ఆ మూటలోకి. ఇంటికొచ్చి ఆ గింజలు ఊరగాయ జాడీలో వేసేది. నాయన మిల్లు నుంచి రాంగానే జాడీ ఊపి చూసేవాడు.

ఆదివారం పొద్దున్నే సద్దన్నం తిని, కుచ్చిళ్ళు చైనులో పడకుండా తాడుతో బిగించుకోని బయల్దేరేవాళ్ళం. మైపాడు రోడ్డంటే ఏం చెప్పను తల్లీ. రెండు పక్కలా వరిమళ్ళు, పోనుపోను ఇసక, సరుగుడు తోటలు, ఆ తర్వాత గాల్లో ఉప్పు వాసన. ఆ వాసన రాంగానే ముగ్గురం పందెం పెట్టుకోని తొక్కేవాళ్ళం. మైపాడు అమ్మాయి వాళ్ళమ్మ వేడి అన్నం, చేపల పులుసు పెట్టేది. సాయంకాలం సముద్రపు గాలి వెనకనుంచి తోస్తుంటే కాళ్ళు ఆడించే పని లేకుండానే ఇల్లు చేరేవాళ్ళం.

కార్తీకంలో వానలు పట్టుకోని నెలన్నర సైకిళ్ళు బయటికి తియ్యలా. వానలు ఆగినాక చూస్తే మైపాడు రోడ్డు మీద నీళ్ళు నిలిచిపోయుండాయి. అందుకని ట్రంకు రోడ్డు పట్టినాం. పెన్న బ్రిడ్జి దాటి, కోవూరు మీదుగా కొడవలూరు అవతలి దాకా. తారు నున్నంగా ఉంది, రాళ్ళు కూడా కొత్తవి, ముచ్చటగా రంగులేసి ఊరి పేరు, అంకె మాత్రం రాసి పెట్టినారు. చెప్తే నమ్మరు, ఆ రాళ్ళు అట్టా వచ్చేస్తా ఉండాయి. ఒక గింజ వేసి ఊపిరి పీల్చుకునేలోపల ఇంకో రాయి. వారానికి నలభై గింజలు.

మా కాళ్ళకు బలం వచ్చేసిందనుకున్నాం. నిజంగానే అనుకున్నాం. మా అమ్మ పెట్టే రాగిసంగటి మహిమని నేను, తాను నూనె పోసిన చైన్ల మహిమని సాయిబుగారి కూతురు. మైపాడు అమ్మాయి అయితే, ఇంకో నెల పోతే రైలుతో పందెం కట్టొచ్చనింది. అట్టా ఎనిమిది ఆదివారాలు. జాడీలో తొమ్మిదివందల ఎనభై గింజలు చేరినాయి. ఉగాదికి ఇంకా ఐదు ఆదివారాలుండాయి. ఇంకో ఇరవై గింజలు, అంతే.

ఆ ఎనిమిదో ఆదివారమే తిరిగొస్తా, రోడ్డు పనివాళ్ళు రాళ్ళకు రంగేస్తుంటే మంచినీళ్ళకని ఆగినాం. పెద్దాయన ఒకడు ముంతతో నీళ్ళు పోస్తా, ఎంత దూరం పోయొస్తుండారమ్మా అన్నాడు. నలభై మైళ్ళని నేను గొప్పగా చెప్పినా. ఆయన రాయి వైపు చూసినాడు, మా వైపు చూసినాడు.

"ఇవి మైళ్ళు కాదు తల్లీ, కిలోమీటర్లు. ఈ ట్రంకు రోడ్డుకే కొత్తగా మార్చినారు. ఎనిమిది రాళ్ళు దాటితే నీకు ఐదు మైళ్ళు."

రోడ్డు పక్కన కూర్చోని ముగ్గురం లెక్కేసినాం. మూడువందల ఇరవై గింజలకు వచ్చేది రెండువందల మైళ్ళే. నూట ఇరవై దొంగ గింజలు.

మైపాడు అమ్మాయి చెప్పొద్దనింది. మీ నాయనకు గింజలు తెలుసు గానీ రాళ్ళు తెలీవు, నోరు మూసుకోని ఇంకో ఇరవై వేసెయ్యి అనింది. సాయిబుగారి కూతురు, చెప్పకపోతే రోజూ ఆ ఎనిమిది మైళ్ళు ఎట్టా తొక్కతావు అని మాత్రం అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం నాకు చేతికి అందినట్టే ఉండింది నాయనా, వేలు చాపితే తగిలేంత దగ్గర్లో.

ఇంటికి పోయి చెప్పేసినా. నాయన అన్నం ముందు కూర్చోనుండాడు. చెయ్యి కడుక్కోని, జాడీ తెచ్చి, చాప మీద గింజలు ఒలకబోసి, ఒక్కోటి లెక్కపెడతా నూట ఇరవై పక్కకు తీసినాడు. ఒక్క గింజ తగ్గించలా. మా అమ్మ చూడలేక, పారేసేది ఎందుకు, వేయించిపెడతా అనింది. అప్పుడు నాయన తలెత్తకుండానే చెప్పినాడు.

"మణుగులు పోయి కిలోలు వచ్చినప్పుడు, మొదటి వారం నేనూ ఒక బండి తప్పు తూచినా. ఎవురికీ చెప్పలా. నువ్వు చెప్పినావు."

అంతే. అయితే వెయ్యి మాత్రం వెయ్యే అన్నాడు.

నూట నలభై మైళ్ళు, ఐదు ఆదివారాలు. వారానికి ఇరవై ఎనిమిది. అంటే ప్రతి ఆదివారమూ మైపాడు సముద్రం దాకా పోయి రావాల్సిందే, ఒక్కటి తప్పినా లేదు. రోడ్డు ఆరిపోయింది, ఎండలు ముదురుతుండాయి. నాలుగు ఆదివారాలు పోయినాం, వచ్చినాం. చెప్పొద్దన్న మైపాడు అమ్మాయే అందరికంటే ముందుండి, ప్రతి రాయికీ నా పేరు పెట్టి అరిచేది, గింజ వెయ్యమ్మే అని.

ఐదో ఆదివారం తిరిగొస్తా ఇందుకూరుపేట అవతలే నా వెనక చక్రం టైరుకు పల్లేరు ముళ్ళు గుచ్చుకోని ట్యూబుకు చిల్లులు పడినాయి. అతుకు వేద్దామంటే డబ్బాలో సొల్యూషను గట్టిపడిపోయింది. ఇంకా ఎనిమిది మైళ్ళు. ఆ దోవనే ఒక వడ్లబండి వస్తా ఉంది, ఎక్కమ్మా సైకిలుతో సహా దించేస్తా అన్నాడు ఆ మనిషి. నేను వద్దన్నా. ఆయనకు నాకు పిచ్చేమోనని అనుమానం.

సాయిబుగారి కూతురు పక్క కళ్ళంలోకి పోయి గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా వరిగడ్డి తెచ్చింది. ట్యూబు పీకి, ఆ గడ్డిని తాడు మాదిరి పేని, టైరు నిండా కుక్కింది. వాళ్ళ నాయన కాడ చూసి నేర్చుకున్న పని. కళ్ళంలో వాళ్ళందరూ పని ఆపేసి వచ్చి చుట్టూ మూగినారు. ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకోని, "ఏమ్మా, మీ సైకిలు మేత మేస్తుందా? పాలెన్ని ఇస్తుంది?" అనింది. నవ్వలేక చచ్చినాం.

ఆ చక్రం గుర్రబ్బండి మాదిరి ఎగరేస్తా ఉంది నన్ను. గడ్డి పోచలు రాలతా ఉండాయి వెనక. నడుం విరిగిపోతుండాది గానీ, నాకు లోపల ఏదో తిరునాళ్ళ జరుగుతున్నట్టుంది. గింజ వెయ్యమ్మే. ఇంకో గింజ. వెనకనుంచి గాలి. చివరి రాయి కాడికి వచ్చేసరికి ముగ్గురికీ అరిచేదానికి గొంతు లేదు, ఆ ఒక్క గింజా రెండుసార్లు చేతిలోంచి జారి కింద పడింది.

నాయన వీధి అరుగు మీదనే కూర్చోనుండాడు. బండి కట్టుకోని రాలేదు గానీ, అమ్మ చెప్పింది, మధ్యాన్నం నుంచి అక్కడే ఉండాడంట. చాప మీద లెక్కపెట్టినాడు, నా స్నేహితురాళ్ళు అటొకరు ఇటొకరు గొంతుక్కూర్చోని చూస్తుండగా. వెయ్యి. సరిగ్గా వెయ్యి. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టినాడు. తర్వాత లేచి పోయి, సైకిలు వెనక చక్రం నొక్కి చూసి, గడ్డి బయటికి లాగినాడు.

"ఉద్యోగానికి పోయేటప్పుడు రాళ్ళు లెక్కపెట్టబాక. రోడ్డు చూసి తొక్కు," అన్నాడు.

సెలవులయినాక సోమవారం పొద్దున, ఒక్కదాన్నే బయల్దేరినా. బళ్ళో గంట కొట్టేలోపల చేరినా నాయనా, ఇంకా అరగంట టైముంది.